కర్నూలు మేత్రాసన సాంఘిక సేవా సంస్థ

కర్నూలు కథోలిక మేత్రాసనం తరఫున పేదల మధ్య పనిచేసే స్వచ్ఛంద సంస్థ. 1967లో నెల్లూరు నుంచి విడివడిన ఈ మేత్రాసనం కిందికి కర్నూలు, అనంతపురం ప్రాంతాలు వస్తాయి. దేశంలో ఇలాంటి సంస్థలకు అండగా నిలిచే కారితాస్ ఇండియా 1962లో మొదలైంది.

కర్నూలు జిల్లాలోని గూడూరు, ఎమ్మిగనూరు, ఆదోని వైపు వానలు తక్కువ, సాగు చాలావరకు వర్షాధారం. పంట పోయిన ఏడాది కుటుంబాలకు కుటుంబాలే ఇళ్లకు తాళాలేసి, మిరప కోతకు, పత్తి తీతకు గుంటూరు వైపు సుగ్గికి (కూలి వలసకు) పోతాయి. వెంట వెళ్లిన పిల్లల చదువు అక్కడితో ఆగుతుంది. అందుకే ఈ నేలలో మఠకన్యలు, గురువులు నడిపే బడులకూ వసతి గృహాలకూ అన్నదానం కన్నా ఎక్కువ విలువ ఉంది.

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరం మునిగింది. అప్పటి కర్నూలు మేత్రాణులు (బిషప్) పూల ఆంతోని. 2008లో ఆ బాధ్యత చేపట్టకముందు ఆయన కడప మేత్రాసనంలో పేద పిల్లలకు, వృద్ధులకు దాతల తోడ్పాటు అందించే సంస్థను నడిపారు. 2020లో హైదరాబాదు అగ్రపీఠానికి నియమితులై, 2022లో కార్డినల్ అయ్యారు. ఆ హోదా పొందిన తొలి తెలుగువారు, తొలి దళితుడు ఆయనే.