ఇంటిపేరు మారిన స్నేహితురాలు

పెళ్ళితో ఆడపిల్లకు ఊరూ మారుతుంది, ఇంటిపేరూ మారుతుంది. ఆ తర్వాత తప్పిపోతే ఏ పేరు పెట్టి వెదకను?

ప్రొద్దుటూరు బడిలో మేము ముగ్గురం ఒకే బెంచీ. ఒకమ్మాయిని జమ్మలమడుగు ఇచ్చారు. రెండూ పెన్న ఒడ్డు ఊళ్ళే, మధ్య 20 కిలోమీటర్లు. పండక్కీ పబ్బానికీ కలుసుకుంటూనే ఉన్నాం. ఇంకొకమ్మాయిని పులివెందుల ఇచ్చారు. అది పెన్నకు దూరంగా దక్షిణాన ఉంది. రెండేళ్ళు ఉత్తరాలు నడిచాయి. తర్వాత వాళ్ళు ఇల్లు మారారు, నా ఉత్తరం తిరిగొచ్చింది.

ఇలాంటి వెదుకులాటనే 1960లలో అమెరికాలో స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే ఆచార్యుడు పరీక్షగా పెట్టాడు. బోస్టన్‌లో పనిచేస్తూ, పక్కనే షారన్ అనే ఊళ్ళో కాపురముండే ఒక షేర్ల వ్యాపారికి కవరు చేరాలి. ఆయన తెలియకపోతే నేరుగా పంపకూడదు. తెలిసినవాళ్ళలో ఆయనకు దగ్గరవుతారనిపించినవారికి ఇవ్వాలి. 217 కవర్లు బయలుదేరాయి, 64 చేరాయి. సొంత ఊరి దారిన వెళ్ళినవాటికి మధ్యన సగటున ఆరుగురు పట్టారు, వ్యాపారం దారిన వెళ్ళినవాటికి ఐదుగురు కూడా పట్టలేదు. చేరినవాటిలో 16 షారన్‌లోని ఒకే బట్టల వ్యాపారి చేతిమీదుగా వెళ్ళాయట!

మగవాడికి ఊరూ, వృత్తీ రెండు దారులు. ఇంటిపట్టున ఉండే ఆడదానికి ఊరొక్కటే దారి. 2005లో కంప్యూటర్ల ద్వారా స్నేహం చేసే సుమారు 5 లక్షల మంది అమెరికన్లను పరిశీలించినా, మూడింట రెండు వంతుల స్నేహాలు ఊళ్ళ దగ్గరతనం వల్లనే అని తేలింది.

బట్టల వ్యాపారి అనగానే నాకు మా ఊరు గుర్తొచ్చింది. బంగారానికీ, బట్టలకూ ప్రొద్దుటూరు పెట్టింది పేరు కదా! పెళ్ళి బేరాలకు పులివెందుల వాళ్ళూ అక్కడికే వస్తారు. మా అమ్మ తను ఎప్పుడూ చీరలు కొనే అంగడాయనకు చెప్పింది. “అడుగుతాలేమ్మా” అన్నాడాయన. ఆయన పులివెందుల నుంచి వచ్చిన ఒకావిడను అడిగాడు, ఆవిడ తన పక్కింటావిడను అడిగింది. నెల తిరక్కుండా నా స్నేహితురాలి చేతిరాత మా గుమ్మంలోకి వచ్చింది. మధ్యన నలుగురే!

మరి ఆ చేరని 153 కవర్ల మాటేమిటి? ఎవరో ఒకరు ముందుకు పంపక తమ దగ్గరే ఉంచేసుకున్నారు. అందుకే, “ఫలానా అమ్మాయి మీకు తెలుసా?” అని ఎవరైనా అడిగితే, తెలియదని ఊరుకోకండి. ఇంకొకరిని అడిగి చూడండి. ఆ నలుగురిలో మీరొకరేమో!