ఫస్ట్ కారు కొంటున్నారా? కుర్రాళ్లకు ఇన్సూరెన్స్ ఎక్కువా? కరీంనగర్, ఆదిలాబాద్ వాళ్లకు అసలు లెక్క ఇదీ!

కొత్త కారు కొనాలన్నా, సెకండ్ హ్యాండ్ బండి తీసుకోవాలన్నా యూత్‌కి వచ్చే మొదటి డౌట్ ఒకటే. "నాకు ఇరవై రెండేళ్లే కదా, ఇన్సూరెన్స్ ఎక్కువ పడుతుందా?" లండన్‌లో చదువుకుంటున్న ఫ్రెండ్‌ని అడిగితే అవుననే చెప్తాడు. బ్రిటన్, అమెరికాలో ఇన్సూరెన్స్ కంపెనీలు డ్రైవర్ వయసు చూసే రేటు కడతాయి. మన దగ్గర లెక్క వేరు. ఇక్కడ ప్రీమియం ప్రధానంగా బండిని బట్టి ఉంటుంది. అయితే కుర్రాళ్లు నష్టపోయేది రేటు దగ్గర కాదు, కారు ఎవరి పేరు మీద ఉంది, చేతిలో లైసెన్స్ ఉందా అనే రెండు విషయాల దగ్గర. వివరాల్లోకి వెళ్దాం.

థర్డ్ పార్టీ: దేశమంతా ఒకటే రేటు

మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి ఇచ్చే కవర్ ఇది. మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 146 ప్రకారం ఇది లేకుండా బండి రోడ్డెక్కకూడదు. రేటును కేంద్రమే నోటిఫై చేస్తుంది. కంపెనీ ఏదైనా, మీ వయసు ఎంతైనా తేడా ఉండదు. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన నోటిఫికేషన్ ప్రకారం ప్రైవేట్ కార్లకు ఏడాది ప్రీమియం ఇలా ఉంది:

• 1000 సీసీ వరకు: రూ.2,094
• 1000 నుంచి 1500 సీసీ: రూ.3,416
• 1500 సీసీ దాటితే: రూ.7,897

కొత్త కారుకి ఒక్క ఏడాది కడితే కుదరదు. సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 సెప్టెంబర్ 1 నుంచి మూడేళ్ల థర్డ్ పార్టీ ఒకేసారి కట్టాల్సిందే. అది వరుసగా రూ.6,521, రూ.10,640, రూ.24,596. ఎలక్ట్రిక్ కార్లకు 15 శాతం తగ్గింపు ఉంది. వీటన్నిటిపైనా 18 శాతం జీఎస్టీ అదనం. రేట్లు మళ్లీ మారే అవకాశం ఉంటుంది కాబట్టి కట్టే ముందు లేటెస్ట్ నోటిఫికేషన్ చూసుకోండి.

ఓన్ డ్యామేజ్: ఇక్కడే బేరం

మన కారుకి జరిగే డ్యామేజ్, దొంగతనం, వరద, అగ్నిప్రమాదం ఇందులోకి వస్తాయి. చట్టప్రకారం తప్పనిసరి కాదు. కానీ లోన్ మీద కొంటే బ్యాంకు అడుగుతుంది. 2007 నుంచి దీని రేటును కంపెనీలే నిర్ణయించుకుంటున్నాయి. పాత టారిఫ్‌ను బేస్‌గా పెట్టుకుని డిస్కౌంట్ ఇస్తాయి. ఆ టారిఫ్‌లో హైదరాబాద్ సహా ఎనిమిది పెద్ద నగరాలు జోన్ ఏ, మిగతా దేశమంతా జోన్ బీ. అంటే టీజీ 01 ఆదిలాబాద్ బండైనా, టీజీ 02 కరీంనగర్ బండైనా జోన్ బీలోకే వస్తుంది.

ఉదాహరణకి 1197 సీసీ పెట్రోల్ కారు, ఐడీవీ (కంపెనీ లెక్కగట్టే బండి విలువ) రూ.6 లక్షలు అనుకుందాం. ఐదేళ్ల లోపు బండికి జోన్ బీ బేస్ రేటు 3.191 శాతం. అంటే రూ.19,146. అదే కారు హైదరాబాద్ రిజిస్ట్రేషన్ అయితే 3.283 శాతం, రూ.19,698. తేడా రూ.552 మాత్రమే. కంపెనీ సగం డిస్కౌంట్ ఇచ్చిందనుకుంటే లెక్క ఇలా:

• ఓన్ డ్యామేజ్ ఏడాదికి: రూ.9,573
• కొత్త కారు మూడేళ్ల థర్డ్ పార్టీ: రూ.10,640
• జీఎస్టీ 18 శాతం: రూ.3,638
• మొత్తం: దాదాపు రూ.23,850

డిస్కౌంట్ కంపెనీని బట్టి మారుతుంది. అందుకే షోరూంలో ఇచ్చిన కొటేషన్‌కే ఓకే చెప్పకుండా, అదే ఐడీవీతో ఇంకో రెండు కంపెనీల రేటు అడగండి. ఐడీవీ తగ్గించి ప్రీమియం తక్కువ చూపిస్తే మోసపోవద్దు. బండి పోయినప్పుడు వచ్చేది ఆ ఐడీవీ లెక్క ప్రకారమే.

కారు నాన్న పేరు మీద.. నడిపేది కొడుకు!

మన దగ్గర ఎక్కువగా జరిగేది ఇదే. గల్ఫ్ నుంచి అన్న డబ్బు పంపిస్తాడు, కారు నాన్న పేరు మీద రిజిస్టర్ అవుతుంది, నడిపేది తమ్ముడు. పాలసీలో రూ.15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఉంది కదా అని ఇంట్లో అందరూ ధీమాగా ఉంటారు. కానీ దాని పేరే "ఓనర్ డ్రైవర్" కవర్. ఆర్సీలో పేరుండి, లైసెన్స్ ఉన్న ఓనర్‌కే వర్తిస్తుంది. నాన్న కారు నడుపుతూ కొడుక్కి ఏదైనా జరిగితే ఆ రూ.15 లక్షలు రావు.

మరి థర్డ్ పార్టీ కింద వస్తాయా? అంటే, అక్కడా కష్టమే. బండి అడిగి తీసుకుని నడిపిన వ్యక్తి ఓనర్ స్థానంలోకే వస్తాడని 2020లో రాంఖిలాడి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సొంత నిర్లక్ష్యంతో ప్రమాదం చేసి చనిపోతే వారసులకు నష్టపరిహారం రాదని 2025 జూలైలో మరో కేసులో స్పష్టం చేసింది.

ఏం చేయాలి? నడిపేది మీరే అయితే, వీలుంటే మీ పేరు మీదే కొనండి. లేదంటే మీ పేరు రాయించి అదనపు యాక్సిడెంట్ కవర్ ఇస్తారా అని కంపెనీని అడగండి. విడిగా పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ తీసుకోవడం ఇంకో దారి.

ఇంకో నష్టం కూడా ఉంది. క్లెయిమ్ చేయకపోతే ఓన్ డ్యామేజ్ మీద వచ్చే నో క్లెయిమ్ బోనస్ (మొదటి ఏడాది తర్వాత 20 శాతం, ఐదేళ్లకు 50 శాతం) కారుది కాదు, ఓనర్‌ది. నాన్న పేరు మీద పెరిగిన బోనస్ రేపు మీరు కొనే కారుకి రాదు. బైక్ మీద వచ్చిన బోనస్ కూడా కారుకి పనికిరాదు. పాలసీ ముగిసి 90 రోజులు దాటితే ఉన్న బోనస్ కూడా పోతుంది.

లైసెన్స్ లేకపోతే ఇల్లు గుల్లే

లైసెన్స్ లేని వ్యక్తి చేతికి ఓనర్ బండి ఇచ్చి, ప్రమాదం జరిగితే ఏమవుతుంది? బాధితులకు ముందు కంపెనీనే చెల్లించి, తర్వాత ఆ సొమ్ము ఓనర్ దగ్గర వసూలు చేసుకోమని ట్రిబ్యునల్ చెప్పొచ్చు. 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇది. అంటే పరిహారం ఎన్ని లక్షలైనా చివరికి పడేది ఇంటి మీదే. సొంత కారు రిపేర్ క్లెయిమ్ కూడా రిజెక్ట్ అవుతుంది.

లెర్నింగ్ లైసెన్స్ ఉంటే పక్కన లైసెన్స్ ఉన్న వ్యక్తి కూర్చోవాలి, ఎల్ బోర్డు ఉండాలి. 18 ఏళ్లు నిండని పిల్లలకు తాళం ఇస్తే సెక్షన్ 199ఏ కింద తల్లిదండ్రులకు లేదా ఓనర్‌కి మూడేళ్ల వరకు జైలు, రూ.25 వేల జరిమానా. ఆ పిల్లలకు 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు.

అసలు ఇన్సూరెన్సే లేకుండా దొరికితే మొదటిసారి రూ.2,000, మళ్లీ దొరికితే రూ.4,000 జరిమానా. మూడు నెలల వరకు జైలు కూడా పడొచ్చు.

సెకండ్ హ్యాండ్ అయితే 14 రోజులు గుర్తుంచుకోండి

బండి చేతులు మారితే థర్డ్ పార్టీ కవర్ దానంతట అదే కొత్త ఓనర్‌కి వస్తుంది. ఓన్ డ్యామేజ్ రాదు. 14 రోజుల్లోగా కంపెనీకి అప్లై చేసి పాలసీ మీ పేరు మీదకి మార్పించుకోవాలి. పాత ఓనర్ బోనస్ మీకు రాదు కాబట్టి ఆ తేడా కట్టాలి. అమ్మిన వాళ్లు "ఇన్సూరెన్స్ ఇంకా ఎనిమిది నెలలుంది" అంటే, అది ఫుల్ ఇన్సూరెన్సా, థర్డ్ పార్టీయేనా అని పేపర్‌లో చూసుకోండి.

ఈ రెండూ మర్చిపోవద్దు

• వైట్ ప్లేట్ కారుని వేములవాడకో, కొండగట్టుకో, బాసరకో కిరాయికి పంపితే ఓన్ డ్యామేజ్ క్లెయిమ్ రిజెక్ట్ అయ్యే ప్రమాదం ఉంది. ప్రైవేట్ పాలసీ సొంత వాడకానికే.
• 2022 జూలైలో కడెం ప్రాజెక్టుకి కెపాసిటీ మించి వరద వచ్చిన సంగతి ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో అందరికీ గుర్తే. వరద నష్టం ఓన్ డ్యామేజ్ ఉంటేనే వస్తుంది. ఇంజిన్‌లోకి నీళ్లు పోతే మాత్రం ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్ ఆన్ ఉండాలి. నీళ్లలో ఆగిన బండిని మళ్లీ స్టార్ట్ చేయొద్దు.

క్లెయిమ్ ఇవ్వకపోతే?

ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌ని ఆశ్రయించొచ్చు. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. ఐఆర్‌డీఏఐ హెల్ప్‌లైన్ నంబర్ 155255.

కారు డెలివరీ తీసుకునే రోజు పాలసీ పేపర్‌లో మూడు లైన్లు చదవండి: ఓనర్ పేరు, ఐడీవీ, పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఎవరికి. రెండు నిమిషాల పని.