ఆటల చరిత్రలో వస్తువూ, శిల్పమూ

వీడియో ఆటలకు చరిత్ర ఉందనీ, వాటికి మ్యూజియాలు కూడా వెలిశాయనీ అంటే మన సాహిత్య మిత్రులు చాలామంది నవ్వి ఊరుకుంటారు. ఆ నవ్వు వల్ల నష్టం మనకే. కథలో, నవలలో వస్తు శిల్పాల సంబంధం గురించి దశాబ్దాలుగా తగువులాడుకుంటున్నవాళ్ళం, పిల్లలు రోజూ గంటల తరబడి మునిగివుండే ఈ రూపాన్ని పట్టించుకోకపోతే ఎలా?

ఈ చరిత్ర తొలి ఘట్టాల్లో ఒకటి ప్రదర్శనశాలలోనే జరిగింది. చూసి పోవడమే తప్ప ముట్టుకోవడానికేమీ లేని ప్రదర్శనలు జనానికి విసుగు పుట్టిస్తాయని, 1958 అక్టోబరులో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో విలియం హిగిన్‌బోథమ్ అనే భౌతిక శాస్త్రవేత్త సందర్శకుల కోసం ఒక టెన్నిస్ ఆట తయారుచేశాడు. ఆసిలోస్కోపు తెర మీద ఎగిరే వెలుగు చుక్క, అంతే. జనం బారులు తీరారు. క్షిపణి మార్గాన్ని లెక్కగట్టగల కంప్యూటరే ఆ బంతినీ ఎగరేసింది. అంతకుముందు లాస్ ఆలమోస్‌లో అణుబాంబు పనిలో ఉన్నవాడాయన. యుద్ధం తర్వాత అణ్వాయుధ వ్యాప్తిని వ్యతిరేకించాడు. ఆటకు పేటెంటు తీసుకోలేదు. 1962లో ఎం.ఐ.టి. యువకులు రాసిన ‘స్పేస్‌వార్’ కూడా చేతులు మారిందే గాని అంగడికెక్కలేదు. 1971లో దాని నమూనా మీదే నాణెం వేసి ఆడే యంత్రం వచ్చింది, మరుసటి ఏడు అటారీ వారి ‘పాంగ్’. 13 ఏళ్ళలో ఆట సరుకయింది.

మరి అవతలి పక్క? 1971లో మాస్కోలో విదేశీ వినోద యంత్రాల ప్రదర్శన జరిగాక, సోవియట్ ఆయుధ కర్మాగారాల్లో అలాంటివే తయారయ్యాయి. వాటిలో పేరుపడ్డది ‘మోర్‌స్కోయ్ బోయ్’, అంటే సముద్ర యుద్ధం. 15 కోపెక్కుల నాణెం వేసి, పెరిస్కోపుకు కళ్ళానించి, ఓడల మీదికి టార్పెడోలు వదలాలి. బాగా గురిపెట్టినవాడికి బహుమతి డబ్బు కాదు, మరో ఆట. ఇదే సోషలిస్టు ఆట అని సంబరపడాలనిపిస్తుంది. నేనొప్పుకోను. బహుమతి మారింది, నిజమే. గురిచూసే కన్ను మారలేదు. అరువు తెచ్చుకున్న శిల్పంతో పాటు దాని చూపూ వస్తుంది. 2007లో మాస్కోలో ఆ యంత్రాలకు మ్యూజియం పెట్టారు. రద్దయిపోయిన దేశపు నాణాలే చేతికిచ్చి ఆడించడం అక్కడి పద్ధతి.

మా విశాఖకు ఇది దూరపు ముచ్చట కాదు. సోవియట్‌లో కట్టిన ఐ.ఎన్.ఎస్. కురుసుర జలాంతర్గామి 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసి, 2002లో బీచి రోడ్డు మీద మ్యూజియమయింది. మా బడి పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడల్లా గమనిస్తాను: టార్పెడో గొట్టాల దగ్గర ఆగినంతసేపు, నావికులు పడుకున్న ఆ ఇరుకు పడకల దగ్గర ఆగరు. “దీన్నెలా పేలుస్తారు మాస్టారూ?” అంటారు గాని, ఇందులో మనుషులెలా బతికారని అడిగేవాళ్ళు అరుదు. పిల్లల తప్పు కాదిది. ఆటలు వాళ్ళకిచ్చిన కన్నే అది.

శిల్పం మరోలా ఉండవచ్చనడానికి మన పల్లెల్లోనే రుజువుంది. వైకుంఠపాళిలో ఆటగాడి చేతిలో గవ్వలే గాని నిర్ణయం లేదు. పాము మింగితే అది వాడి కర్మ. పులిజూదం అలా కాదు. 3 పులులు, 15 మేకలు. పులి ఒంటరిగా దూకి చంపగలదు. మేక ఒంటరిగా ఏమీ చేయలేదు. ఒకదాని వెనక ఒకటి నిలబడి, దూకడానికి చోటు లేకుండా చేసి పులిని కట్టేస్తాయి. ఉపన్యాసం ఎవరూ ఇవ్వరు. నియమమే మాట్లాడుతుంది. (మన కథకులు కొందరు ఈ పటం ముందు కాసేపు కూర్చుంటే బాగుణ్ణు.) పాత గుళ్ళ అరుగుల మీద ఈ గీతలు ఇంకా కనిపిస్తాయి. కురుసుర పక్కనే అలాంటి పటం చెక్కిన బండ ఒకటి వేయిస్తే, జలాంతర్గామి దిగివచ్చిన పిల్లలు దాని చుట్టూ ఎంతసేపు కూర్చుంటారో చూడాలని ఉంది.