ఊరు దాటని కథానాయకుడు

1943వ సంవత్సరము డిసెంబరు మాసమున, ఐరోపా ఖండమునందును పసిఫిక్ మహాసముద్రమునందును యుద్ధము భీకరముగా సాగుచుండగా, ఫిలిప్ వాన్ డోరెన్ స్టెర్న్ అను అమెరికను రచయిత, మిత్రులకు క్రిస్మసు శుభాకాంక్షలు తెలుపుటకు అంగడిలో దొరకు రంగుల కార్డులను కొనక, తాను వ్రాసిన చిన్నకథ నొకదానిని 200 ప్రతులు సొంత వ్యయముతో అచ్చు వేయించి పంచిపెట్టెను. అమెరికా అంతర్యుద్ధమును గూర్చియు లింకను హత్యను గూర్చియు గ్రంథములు వ్రాసిన ఆ రచయిత మనస్సులో ఈ కథ 1938 నుండియు మెదలుచుండెను. పంపి చూచెను గాని ప్రచురించుటకు ఎవ్వరును ముందునకు రాలేదు. జీవితముపై విసుగు చెంది, క్రిస్మసు ముందటి రాత్రి వంతెనపై నిలిచి, అసలు తాను పుట్టకయే యుండిన బాగుండునని తలపోయుచున్న యొక చిన్న ఉద్యోగికి అపరిచితు డొకడు ఆ కోరికను నిజము చేసి చూపును. తాను లేని ఊరిని కన్నులారా చూచి యతడు బెదరి, తన బ్రతుకును తనకు మరల ఇమ్మని వేడుకొనును. కథ యంతియే.

ఆ కథ హాలీవుడ్డునకు చేరెను. ఆర్.కె.ఓ. సంస్థ 10,000 డాలర్లకు హక్కులు కొని, కేరీ గ్రాంటును నాయకునిగా నుద్దేశించి, ఒకరి తరువాత నొకరుగా రచయితలచేత వ్రాయించి, ఏదియు కుదరక ప్రక్కన పెట్టెను. 1945లో ఆ కాగితముల కట్ట ఫ్రాంక్ కాప్రా చేతికి వచ్చెను. అట్లు రూపొందిన చిత్రమే 1946నాటి ‘ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్’. అమెరికాలో క్రిస్మసు వచ్చినదన్న టెలివిజనులో తప్పక ప్రత్యక్షమగు ఈ చిత్రమును హాయి గొలుపు కుటుంబగాథ యని చెప్పుకొనుట పరిపాటి. ఆ మాట సగమే నిజమని నా యభిప్రాయము. ఇందులో తీపి కంటె చేదు హెచ్చు. ఆ చేదును దాచకుండుటచేతనే ఈ చిత్రము ఇన్ని తరముల ప్రేక్షకుల హృదయములను పట్టి నిలిపినది.

కాప్రా సిసిలీ ద్వీపమున బిసక్వీనో అను ఊరిలో 1897లో జన్మించి, బాల్యముననే తలిదండ్రులతో ఓడ యెక్కి అమెరికా చేరిన నిరుపేద. రసాయన ఇంజనీరింగు చదివియు ఆ వృత్తిలో కొలువు దొరకక, ఇల్లిల్లు తిరిగి పుస్తకము లమ్మి, తుదకు చలనచిత్రరంగమున ప్రవేశించి, 1930ల దశకములో దర్శకునిగా మూడు ఆస్కారు బహుమానములు గడించెను. యుద్ధము రాగా ఆ వైభవమును విడిచి సైన్యములో చేరి, సైనికుల శిక్షణకై ‘వై వుయ్ ఫైట్’ అను చిత్రమాలను నిర్మించెను. తిరిగి వచ్చునప్పటికి హాలీవుడ్డు తన్ను మరచినదేమో యను శంక అతనిని బాధించుచుండెను. విలియం వైలర్, జార్జి స్టీవెన్సులను కలుపుకొని లిబర్టీ ఫిల్మ్స్ అను స్వతంత్ర సంస్థను స్థాపించి, దాని తొలి చిత్రమునకు ఈ కథ నెన్నుకొనెను.

నాయకుడు జేమ్స్ స్టూవర్టు స్థితియు అట్టిదే. పెన్సిల్వేనియాలో ఇండియానా అను చిన్న పట్టణమున ఇనుపసామానుల దుకాణము నడపు తండ్రికి పుట్టి, నటుడై ఆస్కారు సంపాదించి, ఆ ప్రతిమను తండ్రి దుకాణములో ప్రదర్శనకుంచి, 1941లో వైమానికదళములో చేరిన స్టూవర్టు, బి-24 బాంబరు విమానములతో శత్రుభూమిపై 20 దాడులలో పాల్గొని, కర్నలుగా తిరిగి వచ్చెను. చూచిన మరణములు అతనిని మార్చివేసినవి. నటన యనునది పెద్దమనిషి చేయదగిన పనియేనా యను సంశయము కలిగినది. ఆ సంశయముతోనే అతడు కెమెరా ముందు నిలిచెను. యౌవనములోని కొన్ని సంవత్సరములు యుద్ధమునకు ధారపోసిన ఈ యిరువురును, చేజారిన అవకాశములే బ్రతుకైన యొక మనుష్యుని కథను ఎన్నుకొనుట కేవలము యాదృచ్ఛికమని నేను తలపను.

ఆ మనుష్యుడు జార్జి బెయిలీ. ఊరు బెడ్‌ఫర్డ్ ఫాల్స్. ఓడ లంగరు గొలుసుల చప్పుడు, విమానపు మోత, రైలుకూత వినినంతనే ఎగిరిపోవు మనస్సు గలవాడు. లోకమంతయు తిరుగవలెననియు, వంతెనలు, మహాసౌధములు నిర్మింపవలెననియు ఉబలాటపడుచు, బాల్యమున తాను పనిచేసిన మందుల దుకాణపు యజమాని బహూకరించిన పెద్ద తోలుపెట్టెను సిద్ధము చేసికొనియుండగా, బయలుదేరు వేళకు తండ్రి మరణించును. తండ్రి నడపిన గృహనిర్మాణ ఋణసంఘము మూతపడకుండవలె ననిన జార్జియే దానిని చేపట్టవలెనని డైరెక్టర్లు తీర్మానింతురు. తన చదువునకై కూడబెట్టిన ధనముతో తమ్ముడు హ్యారీని కళాశాలకు పంపి, నాలుగేండ్ల తరువాత అతడు వచ్చి భారము నందుకొనునని యెదురుచూచును. తమ్ముడు రానే వచ్చును. వెంట భార్యయు, మామగారి గాజు కర్మాగారములో ఉద్యోగమును వచ్చును. స్టేషనులో ఆ వార్త విన్న క్షణమున స్టూవర్టు ముఖములో కదలాడు భావము చూచితీరవలసినది: తమ్ముని భాగ్యమునకు సంతోషము, తన ద్వారము మూసికొనిపోయినదన్న ఎఱుక, ఈ రెండవదానిని ఎవ్వరికిని కనిపింపనీయరాదను ప్రయత్నము — మూడును ఒక్కసారిగా.

తమ్ముని చదువునకును చెల్లెలి పెండ్లికిని తన యీడును ఖర్చుపెట్టిన పెద్దకొడుకును ప్రతి వంశమునందును ఎఱిగిన తెలుగువారికి ఈ జార్జిని పరిచయము చేయ నక్కరలేదు. అయితే మన పెద్దకొడుకు తెరపై సాధారణముగా త్యాగమూర్తియై, కన్నీటితోనో చిరునవ్వుతోనో సర్వమును భరించును. జార్జి అట్లు భరింపడు. ఇష్టపడిన మేరీని ముద్దాడుటకు ముందు, తాను ఎన్నడును ఎవ్వరిని పెండ్లాడదలచుకొనలేదని ఆమె భుజములు పట్టి కేకలు వేయును. ఆ కేకయే ప్రేమప్రకటనయై ముగియును. పెండ్లినాడు వధూవరులు ప్రయాణమై పోవుచుండగా బ్యాంకుపై జనము విరుచుకుపడుట కనబడును. ఇక ఆ ప్రయాణము లేదు.

ఈ ఘట్టమును సావధానముగ చూడవలెను. పేదలు తమ పొదుపును ఒకచోట చేర్చి, అందుండి వంతులవారీగా ఇండ్ల నిర్మాణమునకు అప్పు పుచ్చుకొను సంఘములు అమెరికాలో 1831 నుండి కలవు. మొదటిది ఫిలడెల్ఫియా సమీపమున ఫ్రాంక్‌ఫర్డులో వెలసినది. అట్టి సంఘమున డబ్బు ఇనుపపెట్టెలో ఉండదు. పొరుగువాని గోడలలో, పైకప్పులో ఉండును. అందరును ఒక్కమారు వచ్చి ఇమ్మనిన ఇచ్చుట ఎట్టి నిజాయితీపరునికిని అసాధ్యము. 1930ల ఆర్థికమాంద్యమున వేలకొలది బ్యాంకులు ఇట్లే కూలిపోయినవి. డిపాజిట్లకు ప్రభుత్వము హామీ యిచ్చు విధానము ఆ యనుభవము తరువాతనే వచ్చినది. చిత్రములోని 1932కు ఆ హామీ లేదు. జార్జి ఈ సూత్రమును జనమునకు విప్పి చెప్పుచుండగా, మేరీ తమ ప్రయాణమునకు దాచిన 2,000 డాలర్లను పైకెత్తి చూపును. డాలరునకు అర డాలరు చొప్పున వాటాలు కొందునని కాచుకొనియున్న ధనికుడు పాటర్ వైపు పోకుండ, ఆ సొమ్ముతో వారిని సాయంకాలము వరకు నిలుపుదురు. తలుపు మూయు వేళకు మిగిలినవి రెండు డాలర్లు. ఆర్థికశాస్త్రపు పాఠ మొకటి ఇంత ఉత్కంఠతో తెరకెక్కుట నేను మరియొకచోట చూడలేదు.

పాటర్ పాత్రధారి లయొనెల్ బ్యారీమోర్. 1843లో చార్లెస్ డికెన్సు ‘క్రిస్మస్ కేరల్’లో సృష్టించిన పిసినారి స్క్రూజ్ పాత్రను రేడియోలో ఏటేట ధరించి అమెరికా శ్రోతలకు చిరపరిచితుడైనవాడు. డికెన్సు కథలో భూతములు పిసినారికి దర్శనమిచ్చి అతని హృదయమును మార్చును. కాప్రా ఈ సంప్రదాయమును తలక్రిందులు చేసెను: ఇచట దేవదూత వచ్చునది పిసినారి యొద్దకు గాదు, మంచివాని యొద్దకు. పాటర్ తుదివరకు పాటరే. జార్జి వారమునకు 45 డాలర్లు తెచ్చుకొనుచుండగా అతనిని సంవత్సరమునకు 20,000 డాలర్ల ఆశ చూపి కొనజూచును. 1945 క్రిస్మసు ముందటిరోజున జార్జి పినతండ్రి పొరపాటున జారవిడిచిన ఋణసంఘపు 8,000 డాలర్లను దొరకబుచ్చుకొని, తెలిసియు పెదవి విప్పడు.

ఆ రాత్రి జార్జి ఇంటికి వచ్చు ఘట్టమును చూచిన పిదప ఈ చిత్రమును మధురమని మాత్రమే అనువారు ఎట్లనగలరో నాకు బోధపడదు. చెరసాల కళ్లెదుట కనబడుచుండ, పిల్లలను కసరి, రోగియైన చిన్నకూతురు ఉపాధ్యాయురాలిని టెలిఫోనులో తిట్టి, మూల నున్న వంతెన నమూనాను కాలదన్ని పగులగొట్టును. పగిలిన ఆ నమూనాయే అతని కుఱ్ఱతనపు సౌధములలో మిగిలినది. భార్యాబిడ్డలు భయముతో చూచుచుందురు. పిమ్మట పానశాలలో కూర్చుండి దైవమును ప్రార్థించునపుడు స్టూవర్టు నిజముగనే వెక్కి యేడ్చెను. కెమెరా దూరముగ నుండెను. ఆ దుఃఖమును మరల రప్పించుట తన వశము కాదని నటుడు చెప్పగా, కాప్రా ఆ ఫిల్మునే ప్రయోగశాలలో పెద్దదిగ చేయించి సమీపదృశ్యముగ మార్చెను. శత్రుదేశముపై నుండి అతడు మోసికొని వచ్చినది ఆ కన్నీటిలో కొంత యున్నదని అనుకొనకుండ నుండలేము.

రెండవతరగతి దేవదూత క్లారెన్సు చూపు ‘జార్జి లేని ఊరు’ అందరెరిగినదే. దానిని గూర్చి ఇచట విస్తరింపను. హిమములో పడిన తమ్ముని రక్షించువాడు లేకపోగా, ఆ తమ్ముడు యుద్ధములో రక్షింపవలసిన ఓడలోని సైనికులును లేరు: ఈ లెక్క చిత్రగుప్తునికైనను నచ్చును. నేను చెప్పదలచినది వేరు. క్లారెన్సు జార్జికి పోయినదానిని దేనిని తిరిగి ఇచ్చుటలేదు. ప్రయాణములు లేవు, చదువు లేదు, వంతెనలు లేవు, తమ్ముని కాపాడు నాడు పోయిన ఎడమచెవి వినికిడియు లేదు. నష్టము నష్టముగనే యుండ, దాని ప్రక్కన మరియొక పద్దు వ్రాసి చూపును. కలలు నెరవేరు చిత్రములు చూచి ఇంటికి వచ్చినవాడు తన బ్రతుకు వంక చూచి చిన్నబోవును; ఈ చిత్రము చూచినవాడు తన బ్రతుకును దానితో సరిపోల్చి చూచుకొనగలడు. అమెరికా కుటుంబములన్నియు ఒకచోట చేరి, రాలేని వారిని తలచుకొను క్రిస్మసుకే ఇది అంటుకొనిపోవుటకు కారణము ఇదియే యనుకొందును.

మంచుతో నిండిన ఈ చిత్రమును 1946 ఏప్రిలు నుండి జూలై వరకు కాలిఫోర్నియా యెండలో తీసిరి. ఎన్‌సీనోలో నాలుగు ఎకరములలో బెడ్‌ఫర్డ్ ఫాల్స్ వీధిని నిర్మించి, పెద్ద ఓకు వృక్షములను తెచ్చి నాటిరి. అంతకుముందు చిత్రములలో తెల్లరంగు వేసిన కార్న్‌ఫ్లేక్సును మంచుగ చల్లుచుండిరి. అడుగు వేసిన కరకరమని మ్రోయుటచే సంభాషణలను పిమ్మట మరల చేర్చవలసివచ్చుచుండెను. రసెల్ షియర్మన్ బృందము నిప్పునార్పు నురుగులో సబ్బును నీటిని కలిపి, చప్పుడు చేయని మంచును సృష్టించి, అకాడమీ సాంకేతిక పురస్కారము నందుకొనెను. చిత్రమునకు దక్కిన అకాడమీ గౌరవము అదొక్కటే.

1946 డిసెంబరు 20న న్యూయార్కులోని గ్లోబు థియేటరులో విడుదలైన ఈ చిత్రము ఐదు ఆస్కారు నామినేషను లందియు ఒక్కటియు గెలువలేదు. బహుమతులను ఊడ్చుకొని పోయినది కాప్రా భాగస్వామి వైలర్ వేరొక సంస్థకు తీసిన ‘ది బెస్ట్ ఇయర్స్ ఆఫ్ అవర్ లైవ్స్’. ఆర్.కె.ఓ. పద్దులలో 5,25,000 డాలర్ల నష్టము నమోదయ్యెను. లిబర్టీ సంస్థ మరుసటి సంవత్సరమే పారమౌంటునకు అమ్ముడుపోయెను. బ్యాంకరును దుష్టునిగ చూపుట కమ్యూనిస్టుల ఎత్తుగడ యని ఎఫ్.బి.ఐ. పత్రములలో ఒక వ్యాఖ్య సైతము చేరెను. కాప్రా ప్రాభవము ఆ పిమ్మట మరల మునుపటి వలె వెలుగలేదు.

ఆనాటి అమెరికా చట్టము ప్రకారము కాపీహక్కు 28 ఏండ్లు. తరువాత దరఖాస్తు పెట్టి పునరుద్ధరించుకొనవలెను. చేతులు మారి మారి వచ్చిన ఈ చిత్రపు హక్కుదారులు 1974లో దరఖాస్తు పెట్టుట మరచిరి! పినతండ్రి 8,000 డాలర్లను జారవిడిచినట్లే యని నవ్వుకొనవచ్చును గాని, ఆ మరపే దీనికి ప్రాణము పోసినది. రాయల్టీ లేని చిత్రము చౌకగా దొరకినదని స్థానిక టెలివిజను కేంద్రములు డిసెంబరు వచ్చినంతనే పగలనక రాత్రియనక ప్రసారము చేయగా, విడుదలనాడు థియేటరునకు పోనివారి పిల్లలు దీనిని ఇంటి చిత్రముగ చేసికొనిరి. 1990లో జాతీయ ఫిల్ము రిజిస్ట్రీలో చోటు దొరకినది. అదే సంవత్సరము ‘రియర్ విండో’ అను వేరొక చిత్రమును గూర్చి సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును ఆధారము చేసికొని, మూలకథపై హక్కు తమదేనని రిపబ్లిక్ పిక్చర్సు సంస్థ 1993లో చిత్రమును మరల తన అదుపులోనికి తెచ్చుకొనెను. ఆ ‘రియర్ విండో’ నాయకుడును స్టూవర్టే. ఆ వ్యాజ్యములో ఆయన కక్షిదారుడు కూడ.

ఇంతకును పాటర్ మాట యేమి? ఊరివారందరు చిల్లర డబ్బులు తెచ్చి బల్లపై కుమ్మరించి జార్జిని గట్టెక్కింతురు. పాటర్ దాచిన 8,000 డాలర్లు పాటర్ యొద్దనే యుండును. నేరస్థుడు శిక్ష పొందవలెనని ఆనాటి హాలీవుడ్డు నియమావళి ఆశించుచున్నను, కాప్రా అతనిని పోలీసులకు అప్పగింపలేదు, పశ్చాత్తాపమునకు గురిచేయలేదు. పోయినదెల్ల తిరిగిరాదని అంతవరకు చెప్పుచు వచ్చినవాడు, చివరి రీలులో ఆ డబ్బును తిరిగి రప్పించినచో మాట తప్పినవాడగును. ప్రేక్షకులకు మాత్రము ఇది మనస్సున ముల్లు వలె గ్రుచ్చుకొనుచునే యున్నది. 1986 డిసెంబరులో ‘సాటర్‌డే నైట్ లైవ్’ అను హాస్యకార్యక్రమమువారు, ఈ చిత్రమునకు పోయిన పతాకదృశ్యము దొరకినదని చెప్పి యొక నాటిక నాడిరి: డబ్బు ఎవరి యొద్ద నున్నదో తెలియగనే పాటలు మాని, జార్జి వెంట ఊరు ఊరంతయు పోయి పాటరును చితుకబొడుచును.