దిగిన తరువాత నిమిషంసేపు వెలిగే దీపం: ట్రాక్టరుకు కాలవిలంబ రిలే

రాత్రివేళ మడి దున్ని, లేక మండీకి సరుకు దింపి ఇల్లు చేరినవారు ట్రాక్టరును కొట్టం ప్రక్కన నిలిపి దీపాలు ఆర్పుతారు. అక్కడినుండి గడప వరకు ముప్పది నలుబది అడుగుల చీకటి. వెలుతురునుండి ఒక్కసారిగా చీకటిలోనికి వచ్చిన కంటికి కొంతసేపు ఏమియు కనిపించదు. మన పల్లెలలో ఆ గడ్డివాముల ప్రక్కననే రక్తపింజర తిరుగుతుంది. కన్నడిగులు దానిని కొళకుమండల అంటారు, తమిళులు కణ్ణాడి విరియన్ అంటారు, మరాఠీవారు ఘోణస్ అంటారు, ఒడిశావైపు చందనబోడా అంటారు. ఏ పేరుతో పిలిచినా అది కాలి చప్పుడుకు తప్పుకొనిపోయే పాము కాదు. కదలక పడియుండి, త్రొక్కినప్పుడు కరచే పాము.

అందువలన చాలమంది దీపం ఆర్పకుండానే దిగుతారు. ఇంటిలోనికి పోయి వచ్చి ఆర్పుదామనుకొంటారు, మరచిపోతారు. మా ఇంటిలో నేనే ఆ పని చేశాను. కోతల కాలంలో ఒక రాత్రి జీపుకు అమర్చిన పనిదీపం వెలుగుతుండగానే వదలి నిద్రపోయాను. తెల్లవారుజామున ప్రక్కింటి కోడలికి నొప్పులు మొదలైనవి. తాళంచెవి తిప్పితే స్టార్టరు ఒకమారు మూలిగి ఊరకుండిపోయింది. ఎనిమిదిమంది త్రోసి బండిని కదిలించవలసి వచ్చింది. తల్లీబిడ్డలు క్షేమమే గాని, ఆ అరగంటలో ఆ యింటివారి ముఖాలు చూడలేకపోయాను.

లెక్క వేసి చూస్తే విషయం తేటపడుతుంది. 55 వాట్ల దీపం 12 వోల్టుల బ్యాటరీనుండి సుమారు 4.6 ఆంపియర్ల విద్యుత్తు తీసుకొంటుంది. పది గంటలు వెలిగితే 46 ఆంపియర్-గంటలు. 75 ఆంపియర్-గంటల బ్యాటరీలో అది సగానికి మించిన భాగం. బ్యాటరీ పాతదైతే స్టార్టరును త్రిప్పే బలం మిగలదు. అదే దీపం ఒక్క నిమిషం వెలిగి దానంతట అదే ఆరిపోతే ఖర్చు 0.08 ఆంపియర్-గంట మాత్రమే. దిగేటప్పుడు ఒక బొత్తాము నొక్కితే నిమిషంసేపు దీపం వెలిగి, తరువాత తనను తానే ఆర్పుకొనే విద్యుత్ వలయాన్ని గురించి ఈ వారం వివరిస్తున్నాను. టంకం వేయడం తెలిసిన పదవ తరగతి విద్యార్థి పెద్దల సమక్షంలో ఒక ఆదివారం దీనిని పూర్తి చేయగలడు.

పని చేసే విధానం

రిలే అనగా విద్యుదయస్కాంతంతో నడిచే స్విచ్చి. లోపలి తీగచుట్టకు కొద్దిపాటి విద్యుత్తు ఇస్తే ఇనుప రేకు లాగబడి, వేరొక జత కొనలను కలుపుతుంది. ఆ కొనల గుండా పెద్ద విద్యుత్తు ప్రవహిస్తుంది. ఆటో ఎలక్ట్రికల్ దుకాణాలలో దొరికే నలుచదరపు నల్లని రిలే అడుగున 30, 85, 86, 87 అనే అంకెలుంటాయి. 85, 86 తీగచుట్ట కొనలు. 30, 87 అనునవి స్విచ్చి కొనలు. ఐదు కాళ్ళ రిలే దొరికితే 87ఎ అనే నడిమి కాలును వదలివేయవలెను. ఈ అంకెలు దాదాపు అన్ని తయారీలలోను ఒక్కటే.

కాలాన్ని కొలిచే పని 555 అనే ఎనిమిది కాళ్ళ చిప్పుది. స్విట్జర్లాండులో పుట్టిన హాన్స్ కామెంజిండ్ అనే ఇంజినీరు అమెరికాలోని సిగ్నెటిక్స్ సంస్థకోసం 1971లో దీనిని రూపొందించారు, 1972లో అది బజారుకు వచ్చింది. ఇన్ని దశాబ్దాల తరువాత కూడ కొద్ది రూపాయలకు ఏ ఎలక్ట్రానిక్ దుకాణంలోనైనా దొరుకుతున్నది.

ఒక కెపాసిటరును నిరోధం గుండా నింపితే అది కుండలోనికి సన్నని ధారగా నీరు పట్టినట్లు నెమ్మదిగా నిండుతుంది. సరఫరా వోల్టేజిలో మూడింట రెండు వంతులకు అది చేరేవరకు 555 తన 3వ కాలిలో విద్యుత్తును నిలిపి ఉంచుతుంది, చేరగానే ఆపివేస్తుంది. పట్టే కాలం 1.1 × నిరోధం × కెపాసిటరు. 5,60,000 ఓములు, 100 మైక్రోఫారడ్లు తీసుకొంటే 1.1 × 0.56 × 100, అనగా సుమారు 62 సెకనులు. ఇది వంతుల లెక్క గనుక బ్యాటరీ 12 వోల్టులున్నా 14 వోల్టులున్నా కాలం ఇంచుమించు మారదు.

ఇక ఈ వలయంలోని కీలకమైన అంశం. మామూలుగా ఇటువంటి వలయాలలో 555కు ఎల్లవేళలా విద్యుత్తు అందుతూ ఉంటుంది. పది మిల్లీ ఆంపియర్లే కదా అనిపించవచ్చును గాని, రెండు నెలలు బండి కదలకపోతే అది 14 ఆంపియర్-గంటలకు పైమాటే. బ్యాటరీని కాపాడబోయి దానినే పీల్చివేసినట్లవుతుంది. అందుచేత ఇక్కడ 555కు విద్యుత్తు రిలే కొనల గుండానే అందుతుంది. బొత్తాము నొక్కినప్పుడు మొదటి చుక్క విద్యుత్తు వెళ్ళి రిలే పట్టుకొంటుంది. బొత్తాము వదలినా తన 87వ కొననుండి వచ్చే విద్యుత్తుతోనే రిలే తనను తాను నిలుపుకొంటుంది. గడువు తీరగానే పట్టు వదులుతుంది, దీపమూ 555యూ రెండూ ఆరిపోతాయి. ఆ తరువాత బ్యాటరీనుండి పోయే విద్యుత్తు శూన్యం.

కావలసిన సరుకు

12 వోల్టుల ఆటోమొబైల్ రిలే, దాని సాకెట్టు, 555 చిప్పు, దానికి ఎనిమిది కాళ్ళ సాకెట్టు, బి.సి.337 ట్రాన్సిస్టరు, 1ఎన్4007 డయోడులు రెండు, 1ఎన్4148 డయోడు ఒకటి, 15 వోల్టుల 1 వాటు జీనర్ డయోడు, నొక్కినంతసేపే కలిసే బొత్తాము, 10 ఆంపియర్ల ఫ్యూజు, దాని గూడు, రంధ్రాల బోర్డు ముక్క. నిరోధాలు నాలుగు: 560 కిలో ఓములు (ఆకుపచ్చ, నీలం, పసుపు), 10 కిలో ఓములు (గోధుమ, నలుపు, నారింజ), 1 కిలో ఓము (గోధుమ, నలుపు, ఎరుపు), 47 ఓములు (పసుపు, ఊదా, నలుపు). కెపాసిటర్లు మూడు: 100 మైక్రోఫారడ్ల 25 వోల్టులది, 103 అని వ్రాసియున్నది, 104 అని వ్రాసియున్నది. ఇవి బెంగళూరు ఎస్.పి. రోడ్డులో, చెన్నై రిచీ స్ట్రీటులో, ముంబై లామింగ్టన్ రోడ్డులో, హైదరాబాదు కోఠి గుజరాతీ గల్లీలో తప్పక దొరుకుతాయి. తాలూకా కేంద్రంలోని రేడియో, టీవీ మరమ్మతు దుకాణంలో అడిగినా చాలావరకు లభిస్తాయి. ఒక్క 100 మైక్రోఫారడ్ల కెపాసిటరును మాత్రం పాత రేడియోనుండి ఊడదీసి వాడరాదు. కారణం ముందు చెబుతాను.

తీగల కలయిక

బ్యాటరీ ధన ధ్రువంనుండి వచ్చే తీగ ఫ్యూజు గుండా రిలే 30వ కొనకు చేరవలెను. 87వ కొననుండి దీపానికి ఒక తీగ. దీపం రెండవ కొన బండి ఇనుప చట్రానికి, అనగా ఋణ ధ్రువానికి. ఇంతవరకు మందమైన తీగ, 1.5 చదరపు మిల్లీమీటర్లకు తగ్గనిది వాడవలెను. ఇకపై అంతా సన్నని తీగయే చాలును.

87వ కొనకు ఒక 1ఎన్4007 డయోడు వెనుక కొనను కలిపి, తెల్లని గీతయున్న కొనను మరొక తీగకు కలపండి. ఈ తీగను 'లోపలి తీగ' అందాం. బొత్తాము ఒక కొన రిలే 30వ కొనకు, రెండవ కొన ఈ లోపలి తీగకు. డయోడు అడ్డున్నందున బొత్తాము గుండా దీపపు విద్యుత్తు పోదు, చిన్న బొత్తామైనా కాలిపోదు.

లోపలి తీగ రిలే 86వ కొనకు చేరవలెను. 85వ కొన ట్రాన్సిస్టరు కలెక్టరుకు, ఎమిటరు ఋణ ధ్రువానికి. బి.సి.337 చదునైన ముఖం మనవైపు ఉంచి కాళ్ళు క్రిందికి పట్టుకొంటే ఎడమనుండి కలెక్టరు, బేసు, ఎమిటరు. రెండవ 1ఎన్4007ను 85, 86 కొనల మధ్య, గీత 86 వైపు ఉండేటట్లు కలపవలెను. తీగచుట్టలో విద్యుత్తు ఆగినప్పుడు ఎదురుగా పుట్టే పెద్ద వోల్టేజిని మ్రింగి ట్రాన్సిస్టరును కాపాడేది ఇదే. దీనిని తలక్రిందులుగా పెడితే బొత్తాము నొక్కగానే ట్రాన్సిస్టరు పొగలు చిమ్ముతుంది. నేను మొదటిసారి చేసినది అదే.

లోపలి తీగనుండి 47 ఓముల నిరోధం గుండా 555 యొక్క 8వ, 4వ కాళ్ళకు. చిప్పుపై చుక్క లేక గాటు పైకి ఉంచితే దాని ఎడమన మొదటి కాలు. క్రిందికి నాలుగు వరకు, మరల కుడివైపు క్రిందినుండి పైకి ఐదునుండి ఎనిమిది. 1వ కాలు ఋణ ధ్రువానికి. 8వ, 1వ కాళ్ళ మధ్య జీనరు (గీత 8 వైపు), 104 కెపాసిటరు, 10 కిలో ఓముల నిరోధం మూడును ప్రక్కప్రక్కన వేయవలెను. బండి నడుస్తున్నప్పుడు ఆల్టర్నేటరునుండి వచ్చే వోల్టేజి ఎగుడుదిగుళ్ళను మొదటి రెండూ అదుపు చేస్తాయి. 10 కిలో ఓముల పని, ఆరిన తరువాత మిగిలిన విద్యుత్తును త్వరగా ఖాళీ చేయడం.

2వ, 6వ కాళ్ళను కలిపి, అక్కడినుండి 100 మైక్రోఫారడ్ల కెపాసిటరు ధనపు కాలు, ఋణపు కాలు చట్రానికి. అదే చోటినుండి 560 కిలో ఓముల నిరోధం 8వ కాలికి. ఈ నిరోధానికి ప్రక్కన 1ఎన్4148, గీత 8వ కాలి వైపు. ఇది లేకపోతే కెపాసిటరు ఖాళీ కావడానికి చాలసేపు పట్టి, వెంటనే మరల బొత్తాము నొక్కినప్పుడు దీపం పూర్తి కాలం వెలగదు. 5వ కాలినుండి 103 కెపాసిటరు ఋణ ధ్రువానికి. 3వ కాలినుండి 1 కిలో ఓము గుండా ట్రాన్సిస్టరు బేసుకు. 7వ కాలితో మనకు పని లేదు.

పరీక్ష

బండికి కట్టకముందే బల్లపై ఏదైనా 12 వోల్టుల బ్యాటరీతో, ఇండికేటరు దీపంవంటి చిన్న బల్బుతో పరీక్షించవలెను. ఫ్యూజు తప్పనిసరి. బొత్తాము నొక్కి వదలగానే రిలే 'టక్' మనాలి, నిమిషానికి మరొకసారి 'టక్' మనాలి. నొక్కినంతసేపే వెలిగి వదలగానే ఆరిపోతే 87కు కలిపిన డయోడు తిరగబడినదో, తెగినదో చూడవలెను. అసలు చప్పుడే లేకపోతే ట్రాన్సిస్టరు కాళ్ళు తారుమారై ఉంటాయి. కొన్ని ట్రాన్సిస్టర్లలో కాళ్ళ వరుస వేరు.

ఆరకుండా వెలుగుతూనే ఉంటే అది అన్నిటికంటె కీడు. పాత కెపాసిటరులో లోపలి కారుడు ఎక్కువ. పగిలిన కుండవలె, ఎంత పోసినా మూడింట రెండు వంతుల గీతకు చేరదు. దీపం తెల్లవార్లూ వెలుగుతుంది, దేనికి భయపడి ఇదంతా చేశామో అదే జరుగుతుంది. అందువలననే క్రొత్త కెపాసిటరు కావాలన్నాను. ఎక్కువసేపు వెలగవలెనని నిరోధాన్ని 10 లక్షల ఓములు దాటించడం కూడ ఇందుకే తగదు. వరుసగా ఇరువదిమార్లు నొక్కి, ఇరువదిమార్లూ ఆరినదని చూచుకొన్న తరువాతనే బండికి బిగించండి. కాలం 50 సెకనులో 75 సెకనులో అయితే కలత పడనక్కరలేదు. ఈ కెపాసిటర్లలో నూటికి ఇరువది తేడా సహజం.

బండికి అమర్చుట

మొదట బ్యాటరీ ఋణ తీగను విప్పి, పని ముగిసిన తరువాతనే తిరిగి బిగించవలెను. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోపల ఉండవలెను. దూరంగా ఉంటే మధ్య తీగ ఎక్కడైనా ఒరసుకొని చట్రానికి తగిలినప్పుడు ఫ్యూజు కాపాడలేదు, తీగ అంటుకొంటుంది. ట్రాక్టరు అదురు అంతా ఇంతా కాదు గనుక కెపాసిటరును బోర్డుకు జిగురుతో అతికించి, బోర్డును మూతగల ప్లాస్టిక్ పెట్టెలో ఉంచి, సైలెన్సరుకు దూరంగా కట్టండి. రిలేను కొనలు క్రిందికి ఉండేటట్లు బిగిస్తే నీరు నిలువదు. బొత్తామును కుర్చీనుండి దిగేటప్పుడు ఎడమచేయి సహజంగా పడేచోట పెట్టితే చీకటిలో వెదకనక్కరలేదు.

ఇదివరకే స్విచ్చి ఉన్న దీపానికి దీనిని జత చేయవచ్చును. అప్పుడొక వింత కనబడుతుంది. స్విచ్చి వేసి నిమిషంలోపల ఆర్పితే దీపం వెంటనే ఆరదు, మిగిలిన కాలం వెలిగి ఆరుతుంది. అది లోపం కాదు. 87వ కొనకు వచ్చిన విద్యుత్తుతో రిలే పట్టుకొన్నందున అట్లు జరుగుతుంది.

లారీలు, బస్సులలో అధికభాగం 24 వోల్టులవి. వాటికి ఈ వలయం పనికిరాదు. క్రొత్త కార్లలో దీపాలు కంప్యూటరు అదుపులో ఉంటాయి గనుక వాటి తీగలను కోయరాదు. కొన్నింటిలో దిగిన తరువాత కొంతసేపు దీపం వెలిగే ఏర్పాటు కంపెనీవారే చేసియున్నారు, మాన్యువల్ చూడండి. ట్రాక్టరు వెనుకవైపు తెల్లని పనిదీపం పొలంలోను, వాకిటిలోను వెలిగించడానికే. రోడ్డుమీద వెళ్ళేటప్పుడు వెనుకకు ఎర్రని దీపమే కనబడవలెనని కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989 చెబుతున్నవి, వెనుకకు నడిపే దీపంవంటి కొన్ని మినహాయింపులు తప్ప. వెనుక వచ్చే మోటారుసైకిలువాని కళ్ళు మిరుమిట్లు గొలిపితే అతడు గట్టునో, కాలువనో చూడలేడు.