నోట్లో మంచుముక్క

క్యాన్సర్ వార్డులో నర్సుగా చేసిన నాకు కీమో అనగానే ముందు నోటిపూత గుర్తొస్తుంది. మజ్జిగ చుక్క తగిలినా మంటే. ఈ బాధ కీమో అంత పాతది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందును 1947 చివర్లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఇచ్చినప్పుడే కొందరి నోళ్లు పూశాయి.

5-ఫ్లోరోయురాసిల్ అనే కీమో మందును ఒక్కసారిగా ఎక్కించేటప్పుడు, 5 నిమిషాల ముందు మొదలుపెట్టి 30 నిమిషాలు మంచుముక్కలు చప్పరిస్తే పూత తగ్గుతుందని 1991లో అమెరికా వైద్యులు ప్రకటించారు. చల్లదనానికి నోటి రక్తనాళాలు ముడుచుకుని మందు అక్కడికి తక్కువగా చేరుతుంది. ఈలోగా రక్తంలో దాని స్థాయి పడిపోతుంది. ఇంత చవకైన ఉపాయం ప్రతి వార్డులోనూ ఉండి తీరాలి. ఆక్సాలిప్లాటిన్ అనే మరో కీమో మందు ఎక్కించుకునేవాళ్లకు మాత్రం మంచు వద్దు. చల్లదనం తగిలితే వాళ్లకు నరాలు జివ్వుమంటాయి, గొంతు పట్టేసినట్టవుతుంది.