వాకిటి బేరము

ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతముల పల్లెలలో బట్టల మూటతోనో, గాజుల మలారముతోనో వర్తకుడు వాకిటికి వచ్చుట తరతరాల వాడుక. అంగడివానిని మరునాడు పోయి నిలదీయవచ్చును. మూట భుజాన వేసికొని పోయినవానిని ఎచ్చట వెదకుదుము?

పూర్వము కౌటిల్యుడు నాలుగు నెలలకొకసారి తూనికలకు ముద్ర వేయింపవలెనని విధించెను. 1930 నాటి వస్తువిక్రయ చట్టము, చెప్పిన వర్ణనకు సరకు సరిపోలవలెనన్నది. కాని నాణ్యమును చూచుకొను భారమును చాలవరకు కొనువానిపైననే ఉంచినది.

ఆ భారము క్రమముగా అమ్మువానిపైకి మరలినది. 2019 వినియోగదారుల రక్షణ చట్టము బిల్లు ఇయ్యకుండుటను అనుచిత వర్తకముగా ఎంచినది. 2021 నిబంధనల ప్రకారము ప్రత్యక్ష విక్రయ సంస్థ ప్రతినిధి గుర్తింపు కార్డు లేక, ముందుగా అనుమతి పొందక మన గడప త్రొక్కరాదు. తానెవరో, సంస్థ యేదో, సరకు యెట్టిదో, వాపసు పద్ధతి యేమో ముందే తెలుపవలెను.

ఈ నిబంధనలు ఒంటరి మూటవర్తకునికి వర్తింపవు. వాని విషయమున మనకు అండ బిల్లే. అది చేతనున్నచో, అమ్మినవాడు ఏ యూరివాడైనను, ఆత్మకూరు గృహిణి తన జిల్లాయగు నెల్లూరులోనే వినియోగదారుల కమిషనునకు ఫిర్యాదు చేయవచ్చును. కనుక బేరము కుదిరిన పిమ్మట, డబ్బు చేతికిచ్చుటకు ముందు, చీటీ అడుగుదము.